పద్నాలుగేళ్ల వయోపరిమితి: బాలకార్మిక నిషేధం, విద్యాహక్కు – ఒక చారిత్రక పరిశీలన

1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో ఉచిత నిర్బంధ విద్యకు సంబంధించిన అధికరణం చర్చకు వచ్చింది. అందులోని ‘విద్య’ను ‘ప్రాథమిక విద్య’గా కుదించాలని నజీరుద్దీన్ అహ్మద్ ప్రతిపాదించారు. డా. బి.ఆర్. అంబేద్కర్ అందుకు అంగీకరించలేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదని ప్రాథమిక హక్కులలో చెబుతున్నప్పుడు, ఆ వయస్సు వచ్చేవరకు వారు ఏదో ఒక విద్యాసంస్థలో ఉండవలసిందేనన్నది ఆయన వాదన. పని నిషేధం, చదువు ఏర్పాటు ఒకే సూత్రానికి రెండు ముఖాలన్న అవగాహన దీనిలో ఉంది. భారతదేశంలో బాలల హక్కుల చరిత్రను ఈ రెండింటి ఎడబాటు చరిత్రగా చదవవచ్చు.

వలస పాలనలో ఈ రెండూ కలిసిన సందర్భమే లేదు. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లలోపు పిల్లలను మాత్రమే నిషేధించి, ఏడు నుంచి పన్నెండేళ్లవారికి రోజుకు తొమ్మిది గంటల పనిని అనుమతించింది. 1891లో కనీస వయస్సు తొమ్మిదికి, 1922లో పన్నెండుకు పెరిగింది. దీని వెనుక దయ కన్నా లాంకషైర్ మిల్లు యజమానుల పోటీ భయమే ఎక్కువగా పనిచేసింది. మిల్లు నుంచి బయటపడిన పిల్లవాడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నను ఈ చట్టాలు వేయలేదు. ఆ ప్రశ్నకు సమాధానం కాగల గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లు 1912లో 13కు 38 ఓట్ల తేడాతో వీగిపోయింది.

రాజ్యాంగం ఈ రెండింటినీ దగ్గరకు తెచ్చింది గాని సమానం చేయలేదు. నిషేధం 24వ అధికరణంగా ప్రాథమిక హక్కులలో చేరింది. అదీ ఫ్యాక్టరీలు, గనులు, ప్రమాదకర పనులకే పరిమితం. పొలం, పశువుల కొట్టం దాని వెలుపలే ఉండిపోయాయి. విద్య 45వ అధికరణంగా, పదేళ్ల గడువుతో, ఆదేశిక సూత్రాలలో చేరింది. 1960లో ఆ గడువు తీరింది. దానికై ఎవరూ న్యాయస్థానానికి వెళ్లే వీలు లేదు. 1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని వృత్తులను నిషేధించి, కొన్నింటిని నియంత్రించి, కుటుంబ వృత్తిశాలలకు మినహాయింపు ఇచ్చింది. అంటే బాల్యంలో పని ఉంటుందన్నది చట్టమే అంగీకరించింది.

మలుపు ఊహించని చోటి నుంచి వచ్చింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసు నిజానికి ప్రైవేటు వైద్య, ఇంజనీరింగు కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల వివాదం. బడి ముఖం చూడని పిల్లల ప్రస్తావనకు అందులో చోటు ఉండనక్కరలేదు. అయినా 1993లో ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2002లో 86వ సవరణ దానిని 21ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేర్చింది; విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది.

న్యాయస్థానం చెప్పినదానిని అప్పటికే రంగారెడ్డి జిల్లా గ్రామాలలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఆచరణలో పెడుతూ ఉంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్నది శాంతా సిన్హా నాయకత్వంలోని ఆ సంస్థ నిర్వచనం. పగలు పని, రాత్రి చదువు అన్న రాజీని అది ఒప్పుకోలేదు. పెద్ద పిల్లలను శిబిరాలలో చదివించి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించింది. విద్యాహక్కు చట్టంలోని ప్రత్యేక శిక్షణ నిబంధనలో ఈ అనుభవపు జాడ కనిపిస్తుంది.

ప్రగతి లేదనడం తప్పు. 2001 జనగణనలో 5–14 ఏళ్ల బాలకార్మికులు సుమారు 1.26 కోట్లు, 2011 నాటికి 1.01 కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో వారు 13.63 లక్షలు. అధికారిక ప్రకటనలలో 2011 సంఖ్యగా తరచు కనిపించే 43.5 లక్షలు మాత్రం ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవారి లెక్క మాత్రమే. ఇంట్లో తమ్ముళ్లను చూసుకుంటూ బడి మానేసిన ఆడపిల్ల ఏ లెక్కలోనూ లేదు.

2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పనిని అన్ని వృత్తులలోనూ నిషేధించింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒప్పందాలను భారత్ ఆమోదించడానికి అది దారి తీసింది. కాని బడి వేళల తరువాత, సెలవులలో కుటుంబానికి, కుటుంబ వ్యాపారానికి సాయం చేయవచ్చునన్న మినహాయింపు కూడా అందులోనే ఉంది. రాత్రి బడిని కాదన్న అనుభవం సంపాదించిన దేశం బడి తరువాత పనిని చట్టబద్ధం చేయడం వెనుకడుగే. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల సీడు పత్తి చేలలో క్రాసింగు పనికి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టిన చరిత్ర ఉంది. సాయంత్రం పూమొగ్గ విప్పి మగ భాగాన్ని తీసివేయడం, మరునాడు పొద్దున పుప్పొడి అద్దడం. వారాల తరబడి సాగే పని ఇది. ఇందులో ఎంత ‘సాయం’, ఎంత కూలి అన్నది చేను గట్టున నిలబడిన తనిఖీ అధికారికి తేలదు. 2017 నిబంధనలు రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు పనిని నిషేధించాయి; రోజుకు మూడు గంటలు మించరాదన్నాయి; విద్యార్థి సమాచారం లేకుండా వరుసగా ముప్పై రోజులు బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి తెలియజేయాలన్నాయి. ఇరవై తొమ్మిది రోజులు మానేసి ముప్పయ్యో రోజున హాజరు పలికి, మళ్లీ చేలోకి వెళ్లిన పిల్ల ఆ రిజిస్టరు ప్రకారం బడిలో ఉన్నట్టే.