బొమ్మ గీయని మడత

మా తాతకు చిల్లర కొట్టు ఉండేది. కోట నుంచి సముద్రం వైపు పోయే దారిలో, ఒక చిన్న ఊళ్ళో. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లా అయింది గానీ, మావాళ్ళెవరూ నెల్లూరోళ్ళం అని చెప్పుకోవడం ఇంకా మానలేదు. ఆ కొట్లో తాత చక్కెర పొట్లం కట్టేవాడు. దారం లేదు, జిగురు లేదు. కిలోల లెక్కన కొన్న పాత పరీక్ష పేపర్లలోంచి ఒకటి లాగి, చక్కెర పోసి, టకటకా నాలుగైదు మడతలేసి, చివరి కొసను ఎక్కడో లోపలికి దోపేవాడు. ఆ పొట్లాన్ని చేత్తో ఊపుకుంటూ ఇంటిదాకా పరిగెత్తినా ఒక్క పలుకు రాలేది కాదు.

ఇప్పుడు నాకు ముప్పై అయిదు దాటాయి. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి ఓరిగామి. నూటయాభై అంచెలున్న మిడతను ఓపిగ్గా మడవగలను. తాత పొట్లం మాత్రం నాకు రాదు. ఎన్నోసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ ఏదో ఒక మూల నుంచి చక్కెర కారుతుంది. కొన్ని మడతలకు చరిత్ర ఎందుకుంది, కొన్నిటికి ఎందుకు లేదు అని నేను వెతకడం మొదలుపెట్టింది ఆ కారే మూల దగ్గరే.

ఓరిగామి అంటే జపాన్ అని అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి. ఆ నమ్మకాన్ని కాస్త కదిలించింది ఒక పాత పుస్తకం. పేరు 'జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్'. 1893లో మద్రాసులో అడిసన్ అండ్ కో వేసింది. రచయిత టి. సుందరరావు. ఇంగ్లీషులో ఇంటిపేరులా 'రో' అని రాసుకున్నాడు. ఆయన ప్రొఫెసరు కాదు, రెవెన్యూ శాఖ ఉద్యోగి. నెల్లూరు కూడా అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి, ఆయన్ని కొంచెం మనవాడిగా కలుపుకోవడానికి నాకు మొహమాటం లేదు.

పుస్తకం ఎలా పుట్టిందో ముందుమాటలో ఆయనే చెప్పాడు. జర్మనీలో కిండర్‌గార్టెన్ పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రోబెల్ పేరు మీద పిల్లలకు కొన్ని 'కానుకలు' ఇచ్చేవారు. వాటిలో ఎనిమిదోది కాగితాల మడత. రెండు వందల రంగు చతురస్రాలు, వాటితో పాటు ఎలా మడవాలో చూపే బొమ్మలు. కాగితం ఒకవైపు మాత్రమే నిగనిగలాడుతుంది. మనం క్రాఫ్ట్ పీరియడ్‌కి కొనుక్కున్న గ్లేజ్ పేపర్ కూడా ఆ వంశంలోదే అనిపిస్తుంది నాకు. సుందరరావు మాత్రం కాగితం విషయంలో పట్టు పట్టలేదు. మరీ మందం కాని ఏ కాగితమైనా సరిపోతుందని, రంగుదైతే మడత గీత బాగా కనిపిస్తుందని ఊరుకున్నాడు. కాగితం కాక ఆయన అడిగిన సరంజామా ఒక చాకు, కొలతలకు కొన్ని కాగితం ముక్కలు. అంతే.

ఇంత తక్కువ సామానుతో ఆయన వంకరటింకర కాగితంలోంచి చతురస్రం తీస్తాడు. అక్కడి నుంచి సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి, చివరికి పారాబొలా లాంటి వక్రరేఖల దాకా వెళ్తాడు. ఇది అలంకారానికి చేసిన పుస్తకం కాదు గానీ, ఇవాళ అలంకారపు మోడల్ డిజైన్ చేసే ప్రతివాడూ చేసేది ఇదే. మడతలతో కొలవడం.

అదే కిండర్‌గార్టెన్ కానుక 1876లో టోక్యోకీ చేరింది. జపాన్‌కి అప్పటికే సొంత మడతలున్నాయి. కొంగల్ని మడిచే పద్ధతులతో 1797లోనే అక్కడ పుస్తకం అచ్చయింది. వాళ్ళు జర్మన్ మడతల్ని తమ వాటిలో కలుపుకున్నారు. అంటే ఇవాళ మనం 'జపనీస్' అనుకుంటున్న దాంట్లో కొంత జర్మన్ బడి ఉంది. మద్రాసుకు వచ్చిన పొట్లమూ టోక్యోకి వెళ్ళిన పొట్లమూ ఒకే కొట్లోవి.

సుందరరావు పుస్తకం మద్రాసులోనే మరుగున పడిపోయేదేమో. కానీ ఫెలిక్స్ క్లైన్ అనే పెద్ద జర్మన్ గణితవేత్త 1895లో వచ్చిన తన పుస్తకంలో దాన్ని ప్రస్తావించాడు. క్లైన్‌ని ఇంగ్లీషులోకి తెచ్చిన బెమన్, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు దానిమీద ఆసక్తి పెంచుకుని, 1901లో షికాగో నుంచి కొత్త ముద్రణ తెచ్చారు. ఆ దారిలోనే అది ఇవాళ నా ల్యాప్‌టాప్ దాకా వచ్చింది. ఒక ప్రస్తావన పడకపోతే ఒక పుస్తకం ఉండదు.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అందులోని తప్పు. కోణాన్ని సరిగ్గా మూడు భాగాలు చేయడం, ఘనమూలం తీయడం స్కేలు, కంపాసులతో కుదరదు. సుందరరావు కాగితంతో కూడా కుదరదనే ధోరణిలోనే ఉన్నాడు. తొమ్మిది భుజాల బొమ్మ కోసం కోణాన్ని సుమారుగా మూడు ముక్కలు చేసి ముందుకెళ్ళాడు. 1936లో మార్గెరిటా బెలోక్ అనే ఇటాలియన్ గణితవేత్త అది కుదురుతుందని చూపించింది. చేయాల్సింది ఒక్క మడత. కాగితం మీద రెండు చుక్కలు, రెండు గీతలు ఉంటాయి. రెండు చుక్కలూ ఒకేసారి చెరో గీత మీద పడేలా కాగితాన్ని జరిపి జరిపి, సరిపోగానే నొక్కాలి. ఘన సమీకరణం తేలిపోతుంది.

ఆ జరపడం మనకు కొత్తేం కాదు. వానాకాలంలో కత్తి పడవ చేసేటప్పుడు రెండు మూలలూ ఒకేసారి కుదిరేదాకా ప్రతి పిల్లాడూ కాగితాన్ని అలాగే జరుపుతాడు. సుందరరావు వేళ్ళు కూడా ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటాయి. కానీ ఆయన స్కేలూ కంపాసూ చేసే పనుల్నే కాగితంతో చేయించాడు. దానికి సొంతంగా ఏమొచ్చో అడగలేదు. ఆయన్ని తప్పుబట్టడానికి కాదు ఇది చెప్పడం. చేతికి తెలిసింది పుస్తకానికి తెలియడానికి నలభై మూడేళ్ళు పట్టింది, అంతే.

చేతికి తెలిసినదాన్ని కాగితం మీదికి ఎక్కించే మార్గం చూపినవాడు అకిరా యోషిజావా. గుర్రాల్నీ పక్షుల్నీ ప్రాణమున్నట్టు మడిచినందుకు ఆయన్ని పొగుడుతారు. మందపాటి కాగితాన్ని తడిపి, మెత్తబడ్డాక మలిచి, ఆరనిచ్చే పద్ధతీ ఆయనదే. నాకు మాత్రం 1954 పుస్తకంలోని ఆయన గీతలు, బాణాలే గొప్ప. లోపలికి మడిస్తే ఒక రకం గీత, వెనక్కి మడిస్తే ఇంకో రకం గీత, ఎటు తిప్పాలో ఒక బాణం. జపనీస్ ఒక్క ముక్క రాని నాలాంటివాడు కూడా ఆ పద్ధతిలో గీసిన పుస్తకం ముందు కూర్చుని కొంగను మడవగలడు. మా భాషలో చెప్పాలంటే, సోర్స్ కోడ్ బయటపెట్టేశారు.

ఆ ధైర్యంతోనే నేను పులికాట్ ఫ్లెమింగోని డిజైన్ చేయబోయాను. శీతాకాలంలో సూళ్ళూరుపేట వెళ్ళే దారిలో నీళ్ళలో గులాబీ రంగు చారలా కనిపిస్తాయే, అవి. డిజైన్‌లో ఒక సూత్రముంది. ఎంత పొడుగు కాలు కావాలంటే అంత వ్యాసార్ధమున్న వృత్తాన్ని కాగితం మీద దానికి వదిలేయాలి. కాగితం మూలలో పెడితే పావు వృత్తంతో సరిపోతుంది, అంచున అయితే అర వృత్తం, మధ్యలో అయితే మొత్తం. ఫ్లెమింగోలో ఉన్నదల్లా కాళ్ళూ మెడే కాబట్టి మూలలు వాటికే పోతాయి. రాబర్ట్ లాంగ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఈ లెక్కలు చేసిపెట్టే ట్రీమేకర్ అనే ప్రోగ్రామ్ కూడా రాశాడు.

లెక్క కుదిరింది, కాగితం కుదరలేదు. ప్రింటర్ కాగితంతో చేస్తే కాళ్ళ దగ్గర పొరలు పేరుకుని చిరిగింది. గ్లేజ్ పేపర్ అయితే మడత పడ్డచోటల్లా రంగు లేచిపోయి తెల్ల గీతలు తేలాయి. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపర్ గట్టిది, మడత పట్టింది గానీ సన్నటి కాళ్ళకు లొంగలేదు. చివరికి గాలిపటాల కాగితాన్ని పల్చటి ఫాయిల్‌కి అంటించి చేస్తే నిలబడింది. బెంగళూరులో నిలబడిన పక్షి మా ఊరు తీసుకెళ్ళేసరికి తల వాల్చింది. సముద్రపు గాలి తేమకు కాగితం మెత్తబడింది. యోషిజావా కావాలని తడిపితే, మా ఊళ్ళో గాలే తడిపేస్తుంది.

మడతలు మనకి బయటినుంచే వచ్చాయా? మన భాషే కాదంటుంది. పేజీని పుట అంటాం. సంస్కృతంలో పుటం అంటే మడత, ఆకు మడిచి చేసిన దొన్నె కూడా. తాళపత్రాలకు మడత లేదు, వంచితే విరుగుతాయి. అందుకే వాటికి చిల్లులు పొడిచి దారం గుచ్చారు. కానీ వర్తకుల దగ్గర కడితం ఉండేది. గుడ్డకు జిగురూ బొగ్గుపొడీ కలిపి పట్టించి, ఆరాక మడతలు మడతలుగా పేర్చి, బలపంతో లెక్కలు రాసుకునే నల్ల పుస్తకం. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ 1810లో దాన్ని వర్ణించాడు. వెడల్పు ఎనిమిది అంగుళాల నుంచి అడుగు, పొడవు 12 నుంచి 18 అడుగులు, కత్తిరించకుండా సమానంగా మడిచి, రెండు చివర్లా చెక్క అట్టలు. ఆ వర్ణన రాసింది ఆ పుస్తకాన్ని రోజూ విప్పి మడిచిన వర్తకుడు కాదు, బయటినుంచి వచ్చిన సైనికాధికారి. రోజూ చేసేవాడికి అది వర్ణించాల్సిన విషయంలా అనిపించి ఉండదు. మా తాతకు పొట్లం అనిపించనట్టే.

పోయిన జూలైలో, అంటే 2025లో, ఊళ్ళో ఉన్నాను. 30వ తేదీ సాయంత్రం శ్రీహరికోట నుంచి నైసార్ వెళ్ళింది. మేడ మీద నుంచి చూశాం, నేనూ మా అత్తా. అందులో బంగారు పూతపూసిన తీగల వల ఉంది, విప్పితే 12 మీటర్ల రేడార్ యాంటెన్నా. అంతటిది రాకెట్ ముక్కులో పట్టాలంటే మడవాల్సిందే. సోలార్ ప్యానెళ్ళూ మడతపడే వెళ్తాయి. కోర్యో మియురా అనే జపనీస్ శాస్త్రవేత్త పేరు మీద ఒక మడతే ఉంది, మూలలు పట్టుకుని లాగితే మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. 1995లో జపాన్ దాన్ని అంతరిక్షంలో పరీక్షించింది. మా ఊరి ఆకాశంలోంచి వెళ్ళే ప్రతి మడతకూ ఎక్కడో ఒక డ్రాయింగ్ ఉంటుందని అత్తకు చెప్పాను. మాటల్లో మాటగా, తాత పొట్లం గుర్తుందా అని అడిగాను.

"గుర్తేందిరా? కొట్లో సగం పొట్లాలు నేను కట్టినయ్యేగా" అంది.

నాకు నోట మాట రాలేదు. నా జ్ఞాపకంలో ఆ కొట్లో తాత ఒక్కడే ఉన్నాడు. పెళ్ళయ్యేదాకా రోజూ మధ్యాహ్నాలు అత్తే కూర్చునేదట.

ప్రింటర్ కాగితం ఇచ్చాను. "ఇది మాట వినదురా" అని పక్కన పెట్టేసింది. పాత న్యూస్‌పేపర్ ఇచ్చాను. చూస్తుండగానే పొట్లం అయిపోయింది. నిదానంగా చెయ్యమన్నాను. సగంలో ఆగిపోయింది. "నిదానంగా అయితే రాదు. చక్కెర పొయ్యి, అప్పుడొస్తది." చక్కెర పోశాం. బరువు తగలగానే చేతులు కదిలాయి. కింది కొసను దోపేముందు కాగితాన్ని కొంచెం వెనక్కి జరిపి, రెండు అంచులూ ఒకేసారి సరిపోగానే బొటనవేలితో నొక్కింది. ఇన్నాళ్ళూ నేను పోగొట్టుకున్నది ఆ జరపడమే.

ఆ రాత్రి యోషిజావా గీతల్లో ఏడు బొమ్మలు గీశాను. పైన 'తాత పొట్లం' అని రాసి, కొట్టేసి, 'అత్త పొట్లం' అని రాశాను. అయిదో బొమ్మలో ఆ జరిపేదాన్ని ఏ బాణంతో చూపాలో ఇంకా తేలలేదు. సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నాను, కిలో చక్కెర పట్టుకుని.