బొగ్గు పట్నానికి, పొగ పల్లెకు



మా అవ్వ వంట ముగియగానే పొయ్యిలోని నిప్పులను బయటికి లాగి నీళ్లు చల్లేది. ఆరిన బొగ్గులను ఎండబెట్టి పాత కుండలో దాచేది. బొగ్గుపొడిని కూడా పారేసేది కాదు. పేడతో కలిపి ఉండలు చేసి ఆరబెట్టేది. చుట్టాలొస్తే కాఫీకి, పసిబిడ్డ పాలకు, బాలింత గదిలో సాంబ్రాణికి ఆ బొగ్గులు కుంపట్లోకి వచ్చేవి. కొబ్బరిపీచు అంటించి విసనకర్రతో విసరడం మా పిల్లల పని. రోజువారీ వంటకు మాత్రం పత్తికట్టె, తుమ్మకంప. ఊరి చుట్టూ బొగ్గుబట్టీలు పొగలు కక్కుతున్నా, మా ఇంట్లో బొగ్గులు కొని వండిన రోజు నాకు గుర్తు లేదు. ఈ వింత సంగతే ఈ పూట మీతో చెప్పాలనుకున్నాను.

మనవాళ్లు తరతరాలుగా సేద్యం చేసిన సాత్తూరు, కోవిల్పట్టి నల్లరేగడిలో, ఆ పక్క రామనాథపురం జిల్లాలో, బొగ్గు కాల్చేది ముఖ్యంగా ఒకే చెట్టుతో. మనం సీమతుమ్మ అంటాం, తమిళంలో శీమై కరువేలం. కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న 1954-63 కాలంలో దీని గింజలు చల్లించారని రచ్చబండ మీద పెద్దలు చెబుతారు. చెట్టు కథ అంతకంటే పాతది. మద్రాసు రాజధానిలో అడవుల కన్సర్వేటరుగా ఉన్న బెడ్డోం దొర ఈ విత్తనాలు కావాలని 1876లో రెవెన్యూ శాఖకు లేఖ రాశాడు. ఆ తరువాత జమైకా నుంచి వచ్చిన గింజలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. మనలాగే దానికీ తెలుగునేలతో చుట్టరికం ఉందన్నమాట!

వాన తప్పి బీడుపడిన చేలన్నీ క్రమంగా ఈ కంప పాలయ్యాయి. మొదలంటా నరికినా మళ్లీ చిగురిస్తుంది. పంట పోయిన రైతుకు కంప నరికి కాల్చడమే బతుకుతెరువయింది. కట్టెను దగ్గరగా పేర్చి, ఆకూ గడ్డీ కప్పి, పైన మట్టి మెత్తుతారు. దీన్ని తమిళంలో మూట్టం అంటారు. నిప్పు అంటించాక అసలు పని కావలి కాయడం. మొదట తెల్లగా, దట్టంగా పొగ లేస్తుంది. అది పలచబడి నీలిరంగుకు తిరిగితే కట్టె బొగ్గయిందని గుర్తు. మట్టి ఎక్కడైనా పగిలి గాలి దూరిందా, అన్ని రోజుల కష్టమూ బూడిదే. అందుకే రాత్రిళ్లు కూడా ఆ పొగలోనే కాపలా.

లెక్క చూడండి. ఇలాంటి మట్టి బట్టీలో కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. బొగ్గు వేడి కట్టె వేడికి రెండింతలే గాని నాలుగింతలు కాదు. కట్టెలోని వేడిలో సగానికి పైగా బట్టీలోనే పోయిందన్నమాట. అయినా బొగ్గు తేలిక, దూరం మోయవచ్చు, పొగ తక్కువ. కనుక పట్నంలో ధర పలికింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు బస్సులు సైతం కట్టెబొగ్గు గ్యాసుతో నడిచాయి. మన మదురై టి.వి.యస్. వారు అందుకు గ్యాస్ ప్లాంటు తయారుచేశారు. పొగ లేదు గదా అని తలుపులు మూసి కుంపటి పెట్టుకోవడం మాత్రం ప్రమాదం. కంటికి కనిపించని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

2007లో మన రాష్ట్రంలో ఉచిత గ్యాసు పొయ్యిలు వచ్చాయి, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చింది. సిలిండరు నింపడానికి డబ్బు లేని నెలలో ఆ పొయ్యి మూల కూర్చుంటుంది, కంపే మళ్లీ దిక్కు. నీటివనరులను పాడుచేస్తోందని 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం సీమతుమ్మను తొలగించమన్నప్పుడు, చెరువు కోసం సంతోషించాలో బట్టీ కోసం దిగులుపడాలో మా ఊరివాళ్లకు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోదు. తల్లిదండ్రులు బట్టీ పని. దహనం పాఠం చెబుతూ, గాలి లేకపోతే కట్టె ఏమవుతుందని అడిగాను. పుస్తకం చూడకుండానే లేచింది. "గాలి తగిలితే బూడిద, తగలకపోతే బొగ్గు టీచర్" అంది.

"మరి మీ ఇంట్లో వంట బొగ్గుల మీదేనా?" అన్నాను.

"అయ్యో, లేదు టీచర్! అది అమ్మేదానికి కదా" అంది.