నార్వేలో ఆంగ్ల మాధ్యమ అంతర్జాతీయ కళాశాల: చరిత్ర, చదువు, భాషా ప్రశ్న

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– రెండవ ప్రపంచయుద్ధం తరువాత అంతర్జాతీయ పాఠశాలలు ఏర్పడటానికి దారితీసిన కారణాలను వివరించగలుగుతారు.
– నార్వేలోని ఫ్లెక్కె కళాశాలలో చదువు ఎలా సాగుతుందో తెలుసుకుంటారు.
– బోధనా భాషకూ మాతృభాషకూ ఉన్న సంబంధాన్ని చారిత్రక దృష్టితో చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నార్వే పశ్చిమ తీరాన, బెర్గెన్ నగరానికి ఉత్తరంగా, ఫ్యాలెర్ అనే స్థానిక పాలనా ప్రాంతంలో ఫ్లెక్కె అనే చిన్న ఊరు ఉంది. సముద్రపు నీరు కొండల మధ్య లోపలికి చొచ్చుకువచ్చిన సన్నని పాయను అక్కడ ఫియోర్డు అంటారు. అలాంటి ఒక ఫియోర్డు ఒడ్డున 1995లో ఒక ఆంగ్ల మాధ్యమ కళాశాల ప్రారంభమైంది. దాని పేరు యునైటెడ్ వరల్డ్ కాలేజ్ రెడ్‌క్రాస్ నార్డిక్. 16 నుంచి 19 ఏళ్ల వయసు గల సుమారు 200 మంది విద్యార్థులు అనేక దేశాల నుంచి వచ్చి అక్కడ రెండేళ్లు చదువుతారు. మన లెక్కలో ఇది ఇంటర్మీడియట్ స్థాయి చదువు.

నార్వే ప్రజల భాష ఆంగ్లం కాదు. తమ భాష కోసం వంద సంవత్సరాలకు పైగా పోరాడిన దేశం అది. అలాంటి దేశంలో, అదీ ఒక మారుమూల పల్లెలో, ఆంగ్లంలో బోధించే కళాశాల ఎందుకు వెలిసింది? అక్కడికి వెళ్లిన విద్యార్థి మాతృభాష ఏమవుతుంది? ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్నలు ఇవి.

2. చారిత్రక నేపథ్యం

ఈ కళాశాల వెనుక ఉన్న ఆలోచన జర్మన్ విద్యావేత్త కుర్ట్ హాన్‌ది (1886–1974). ఆయన 1920లో జర్మనీలోని సాలెం అనే చోట ఒక పాఠశాల స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. యూదు కుటుంబంలో పుట్టిన హాన్ హిట్లర్‌ను బహిరంగంగా వ్యతిరేకించాడు. అందువల్ల 1933లో జైలు పాలై, విడుదలైన తరువాత బ్రిటన్‌కు వలస వెళ్లాడు. 1934లో స్కాట్లాండ్‌లో గోర్డన్‌స్టన్ పాఠశాలను ప్రారంభించాడు.

1955లో పారిస్‌లోని నాటో రక్షణ కళాశాలను ఆయన సందర్శించాడు. పదేళ్ల క్రితం ఒకరితో ఒకరు యుద్ధం చేసిన దేశాల సైనికాధికారులు అక్కడ కలిసి చదవడం గమనించాడు. పెద్దలకు సాధ్యమైనది కౌమార వయస్కులకు మరింత సులభమని భావించాడు. ఆ ఆలోచనే 1962లో వేల్స్‌లోని సెయింట్ డోనట్స్ కోటలో అట్లాంటిక్ కాలేజీగా రూపుదాల్చింది. క్రమంగా ఇది పలు దేశాలకు విస్తరించింది. కెనడాలోని పియర్సన్ కాలేజీ 1974లో, పుణె సమీపంలోని మహీంద్రా కాలేజీ 1997లో మొదలయ్యాయి.

దేశదేశాల విద్యార్థులు ఒకచోట చదివితే వారి సర్టిఫికెట్‌ను ఏ విశ్వవిద్యాలయం గుర్తిస్తుందన్న సమస్య తలెత్తింది. దీనికి పరిష్కారంగా 1968లో జెనీవా కేంద్రంగా ఇంటర్నేషనల్ బకలారియట్ సంస్థ ఏర్పడింది. ఫ్లెక్కె విద్యార్థులు రాసేది ఈ సంస్థ డిప్లొమా పరీక్షలే.

నార్డిక్ దేశాల వైపు నుంచి కూడా కారణాలున్నాయి. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌లు చిన్న దేశాలు. వాటి భాషలు బయట తెలిసినవారు తక్కువ. శాంతి, సహకారం అనే విలువలను ప్రపంచానికి అందించాలంటే అందరికీ అందే భాష ఒకటి కావాలి. నార్డిక్ ప్రభుత్వాల, రెడ్‌క్రాస్ తోడ్పాటుతో ఈ కళాశాల నిలబడింది. విద్యార్థుల వసతి గృహాలు ఐదింటికీ ఈ ఐదు దేశాల పేర్లే పెట్టారు.

3. చదువు తీరు

విద్యార్థి ఆరు సబ్జెక్టులు తీసుకుంటాడు. సాధారణంగా మూడింటిని ఉన్నత స్థాయిలో, మూడింటిని ప్రామాణిక స్థాయిలో చదువుతాడు. ఒక్కో సబ్జెక్టుకు గరిష్ఠంగా 7 పాయింట్లు, మొత్తం 42. దీనికి తోడు 4,000 పదాల వరకు ఉండే పరిశోధనా వ్యాసం రాయాలి. మనకు ఒక విషయం తెలుసు అని అన్నప్పుడు అది ఎలా తెలిసిందో చర్చించే జ్ఞాన సిద్ధాంతం అనే కోర్సు కూడా ఉంటుంది. ఈ రెండింటికీ కలిపి 3 పాయింట్లు. అంటే గరిష్ఠం 45. ఇతర నిబంధనలతో పాటు కనీసం 24 పాయింట్లు వస్తేనే డిప్లొమా లభిస్తుంది.

సేవ ఈ చదువులో భాగం. కళాశాల పక్కనే రెడ్‌క్రాస్ పునరావాస కేంద్రం ఉంది. వైకల్యం ఉన్నవారితో కలిసి పనిచేయడం ద్వారా విద్యార్థులు పుస్తకంలో దొరకని పాఠం నేర్చుకుంటారు.

వాతావరణం కూడా ఒక పరీక్షే. ఉష్ణమండలం నుంచి వెళ్లిన విద్యార్థికి డిసెంబరులో పగలు ఆరు గంటల లోపే ముగియడం, జూన్‌లో సుమారు 19 గంటలు సాగడం వింతగా ఉంటుంది. ఇంటి తిండికి, ఇంటి మాటకు దూరంగా ఉన్న పదహారేళ్ల పిల్లలకు ఆ చీకటి నెలలు భారమే.

4. భాషా ప్రశ్న

నార్వే 1380 నుంచి 1814 వరకు డెన్మార్క్‌తో ఒకే రాజు కింద ఉంది. అందువల్ల విడిపోయే నాటికి చదువుకున్నవారి రాతభాష డేనిష్. పల్లె జనం మాట్లాడే భాష వేరు. ఇవార్ ఆసెన్ (1813–1896) అనే రైతుబిడ్డ 1842 నుంచి దేశమంతా తిరిగి మాండలికాలను సేకరించాడు. వాటి ఆధారంగా 1848లో వ్యాకరణాన్ని, 1850లో నిఘంటువును ప్రచురించాడు. ఆ విధంగా నిర్మించిన రాతభాషకే నేడు నీనోర్స్క్ అని పేరు. 1885లో పార్లమెంటు దానికి అప్పటి రాతభాషతో సమాన హోదా ఇచ్చింది. 1892 నుంచి ఏ రూపంలో బోధించాలో స్థానిక పాఠశాల మండలులే నిర్ణయించుకునే వీలు కలిగింది.

ఈ చరిత్ర చదువుతుంటే మనకు గిడుగు రామమూర్తి (1863–1940) గుర్తుకు రావడం సహజం. ఇద్దరి పద్ధతులు ఒకటి కావు. ఆసెన్ మాండలికాల నుంచి కొత్త రాతభాషను కూర్చాడు. గిడుగు శిష్టుల వాడుక భాషకు పాఠ్యపుస్తకాల్లో చోటు అడిగాడు. అయితే జనం మాటకు చదువులో గౌరవం ఉండాలన్నది ఇద్దరి పట్టుదల. మీరిప్పుడు చదువుతున్న పుస్తకం వాడుక భాషలో ఉండటం ఆ ఉద్యమ ఫలితమే.

ఫ్లెక్కె ఉన్నది నీనోర్స్క్‌కు పట్టున్న ప్రాంతంలోనే. కళాశాల గేటు లోపల ఆంగ్లం, బయట ఊళ్లో నీనోర్స్క్. నార్వే ఈ రెండింటినీ ఎలా సహించగలిగింది? సమాధానం ఆ దేశపు సాధారణ పాఠశాలల్లో ఉంది. 1994 సంస్కరణతో ప్రతి యువతీ యువకుడికీ మూడేళ్ల మాధ్యమిక విద్య హక్కు అయింది. ఆ చదువు ప్రధానంగా దేశభాషలోనే సాగుతుంది. ఆంగ్లాన్ని సబ్జెక్టుగా శ్రద్ధగా నేర్పుతారు. కాబట్టి ఆంగ్ల మాధ్యమ కళాశాల అక్కడ అదనపు ద్వారం మాత్రమే. దేశభాషలో చదివినవారికి ఉద్యోగం, గౌరవం దక్కకుండా పోవు.

డిప్లొమా నిబంధనల్లో గమనించదగిన అంశం మరొకటి ఉంది. ఉపాధ్యాయుడు దొరకని భాష అయినా, విద్యార్థి తన మాతృభాషా సాహిత్యాన్ని పాఠశాల పర్యవేక్షణలో స్వయంగా చదివి పరీక్ష రాసే వీలు ఉంది. ఉపాధ్యాయుడు ఎదురుగా లేకుండా చదవడంలోని కష్టం దూరవిద్య విద్యార్థులైన మీకు చెప్పనక్కరలేదు.

5. ప్రవేశం, పరిమితులు

విద్యార్థులను ఎక్కువగా ఆయా దేశాల జాతీయ కమిటీలు ఎంపిక చేస్తాయి. అవసరాన్ని బట్టి ఆర్థిక సహాయం లభిస్తుంది. 2000 నుంచి డేవిస్ పథకం కింద ఈ కళాశాలల పూర్వ విద్యార్థులకు అమెరికా విశ్వవిద్యాలయాల్లో సహాయం అందుతోంది. అయినా సీట్లు కొద్ది. సమాచారం, ఆంగ్ల పరిచయం ఉన్న కుటుంబాల పిల్లలకే దరఖాస్తు చేయడం సులభమన్న విమర్శలో నిజం ఉంది. ద్వారాలు మూసుకుపోవడమూ ఉంది. 2023 శరత్కాలం నుంచి ఐరోపా బయటి నుంచి వచ్చే కొత్త విద్యార్థులకు నార్వే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఫీజు విధించడం మొదలుపెట్టాయి.

6. సారాంశం

యుద్ధానుభవం నుంచి పుట్టిన ఒక ఆదర్శం, చిన్న దేశాల అవసరం కలిసి ఫ్లెక్కెలో ఆంగ్ల మాధ్యమ కళాశాలను నిలబెట్టాయి. సొంత భాషలో అందరికీ బలమైన చదువు ఉన్నచోట పరభాషా మాధ్యమం కొందరు కోరి ఎంచుకునే దారి అవుతుంది. ఆ పునాది లేనిచోట అదే మాధ్యమం చదువుకున్నవారినీ చదువుకోనివారినీ విడదీసే గోడ అవుతుంది. మన రాష్ట్రాల్లో బోధనా మాధ్యమంపై జరిగే చర్చను మీరు విన్నప్పుడు, ఏ భాషలో అని అడిగే ముందు అందరికీ అందుతున్నదా అని కూడా అడగండి.

నమూనా ప్రశ్నలు

1. కుర్ట్ హాన్ విద్యా ఆలోచనలకు నాటి రాజకీయ పరిస్థితులు ఎలా దోహదం చేశాయో వివరించండి.
2. ఇవార్ ఆసెన్, గిడుగు రామమూర్తి కృషిలోని పోలికలు, భేదాలు రాయండి.
3. ఆంగ్ల మాధ్యమ కళాశాల నార్వే దేశభాషలకు ముప్పుగా మారకపోవడానికి కారణాలేమిటి? మీ ప్రాంత అనుభవంతో పోల్చి చర్చించండి.