తెలెంగా

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లుండే వాడల్లో ఝపటాపూర్ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చినవాళ్ల మనుమలు, మునిమనుమలు ఇక్కడ చాలామంది. అలాంటివాళ్లతో మాటామాటా పెరిగినప్పుడు అవతలివాడి నోట వచ్చే మాట ఒకటుంది: తెలెంగా.

బెంగాలీ నిఘంటువులో ఈ మాటకు రెండర్థాలు. ఒకటి తెలుగుదేశపు మనిషి. రెండోది సిపాయి. 1756లో క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు తెచ్చిన సిపాయిల్లో తెలుగువాళ్లుండటంతో కుంఫిణీ సిపాయికి ఆ పేరు పడింది. తర్వాత అవధ్, బీహారు జవాన్లకూ అదే అంటుకుంది. 1857లో ఢిల్లీ ఉర్దూ రచయితలు 'తిలంగా'లన్న తిరుగుబాటుదారుల్లో అత్యధికులకు తెలుగు ముక్క రాదు. తుపాకీ పట్టినన్నాళ్లూ ఆ మాట వింటే జనానికి జంకు. కూలికి వచ్చినవాడి మీద పడ్డాక అదే వెటకారమైంది.

మన ఊళ్ల పేర్లకు ఈ గతి కొత్త కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగు కూలీకి ఈసడింపు పేరైంది. కళింగ నుంచి వచ్చిందనే 'కెలింగ్' పెనాంగ్‌లో కపితాన్ కెలింగ్ మసీదు పేరులో మర్యాదగానే నిలిచింది. మలేసియా వీధిలో ఈనాడది తిట్టు.

"త్రిలింగం నుంచి పుట్టిన మాటేగా, కోపమెందుకు?" అని సర్దిచెప్పే పెద్దమనుషులుంటారు. వ్యుత్పత్తి తెలుసుకుని ఎవడూ తిట్టడు. అది తెలిసినంత మాత్రాన పడ్డవాడికి మంట చల్లారదు. ఖరగ్‌పూర్‌లోనే, 1951లో హిజిలీలో వెలసిన ఐఐటీ ఉంది. ఐఐటీల పిల్లల భాషలో తెలుగువాడు 'గుల్ట్'. తెలుగును తిరగేస్తే వచ్చిందంటారు. తెలుగు విద్యార్థులే నవ్వుతూ ఆ పేరు చెప్పుకుంటారు. ర్యాంకు తెచ్చుకుని వచ్చినవాడికి ఆ నవ్వు సులువు. కూలికి వచ్చినవాడి మనుమడికి అంత సులువు కాదు.

ఇక మన నోటి సంగతి. తమిళుణ్ణి 'అరవ' అంటాం. అరువనాడు అనే సీమ పేరు నుంచి వచ్చిందని పండితుల మాట. ఆ మాట చెప్పి మనమూ తప్పించుకోవచ్చు, తెలెంగాకు సర్దిచెప్పే పెద్దమనుషుల్లాగే. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం మన భాషకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు వాడిన పేరు తెలుగు. మన పేరు మనం చెప్పుకున్నట్టే ఎదుటివాళ్లు పలకాలని కోరేవాళ్లం, తమిళుడు తన పేరు తమిళమని చెబితే అలాగే పలకాలి.