పక్కింటి అలారం మళ్లీ మళ్లీ మోగుతోందా? ముందు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి?

రాత్రి 2 గంటలకు పక్కింటి సైరన్ మొదలవుతుంది. కాసేపు మోగి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. మొదటిసారి మీరు బాల్కనీలోకి వచ్చి చూసి ఉంటారు. మూడోసారి లేచి లైటు కూడా వేసి ఉండరు. అయిదోసారికి చెవి మీద దిండు పెట్టుకుని ఇంటి ఓనర్‌ను తిట్టుకుని ఉంటారు. తాళం వేసిన ఇళ్లు వెతికే దొంగకు ఇంతకంటే ఏం కావాలి? నిజంగా తాళం పగిలిన రాత్రి కూడా వీధి మొత్తం ‘ఆ, వాళ్లింట్లో మామూలేగా’ అనుకుంటే ఆ అలారం ఉన్నా లేనట్టే.

సంక్రాంతికో వేసవి సెలవులకో ఊళ్లకు వెళ్లినప్పుడు నగరాల్లో ఇళ్లు రోజుల తరబడి తాళంతో ఉంటాయి. ఓనర్ అమెరికాలో ఉంటే ఆ ఇల్లు ఏడాదంతా అంతే. అలాంటి ఇంట్లో సైరన్ మోగితే తేల్చాల్సింది ఎవరు?

ముందు ఏ అలారమో పోల్చుకోండి

అన్ని అలారాలూ దొంగల కోసం కాదు. నిమిషానికోసారి ‘కీచ్’మని ఒక్క శబ్దం వచ్చి ఆగుతుంటే చాలావరకు అది పొగను పసిగట్టే పరికరంలో బ్యాటరీ అయిపోతోందని గుర్తు. పొద్దున్నే ఓనర్‌కు చెబితే సరిపోతుంది. అదే పరికరం ఆగకుండా మోగుతూ, కిటికీలోంచి పొగ గానీ కాలిన వాసన గానీ వస్తే మాత్రం వెంటనే 101కు ఫోన్ చేయండి. ఇంట్లో మనుషులుంటే తలుపు బాది లేపండి.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది గ్యాస్ అలారం విషయంలో. సిలిండర్‌లో ఉండే ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల వారగా పరుచుకుంటుంది. మెట్ల మీదుగా కింది అంతస్తుకూ దిగొచ్చు. అలారంతో పాటు గ్యాస్ వాసన వస్తుంటే పక్కింటి కాలింగ్ బెల్ నొక్కకండి. మెట్ల దగ్గర లైటు స్విచ్ వేయకండి, లిఫ్ట్ ఎక్కకండి. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. చేత్తో తలుపు కొట్టండి. లోపల ఎవరైనా ఉంటే రెగ్యులేటర్ ఆపి, తలుపులు కిటికీలు తెరిచి బయటికి రమ్మనండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేద్దామన్న ఆలోచన రావడం సహజం, అదీ వద్దు. మీరూ దూరంగా వచ్చాకే ఫోన్ తీయండి. ఎల్పీజీ లీకేజీ అత్యవసర నంబర్ 1906, 24 గంటలూ పనిచేస్తుంది. తాళం వేసిన ఇల్లయితే 101కు కూడా చెప్పండి.

దొంగల అలారమైతే...

పదోసారి మోగినా, మొదటి రెండు నిమిషాలు అది నిజమే అనుకోండి. చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మీ ఇంట్లోంచే చూడండి. గేటు తాళం అలాగే ఉందా? లోపల టార్చ్ వెలుగు కదులుతోందా? ముందు కొత్త బండి ఏమైనా ఆగి ఉందా? ఒక్కరే వెళ్లి కాంపౌండ్‌లోకి దిగకండి. కర్ర పట్టుకుని వెళ్లే సాహసం అసలే వద్దు. దొంగ లోపలుంటే అతను బయటపడే దారిలో ముందు ఎదురయ్యేది మీరే.

అనుమానించడానికి ఏ చిన్న కారణం కనిపించినా ఓనర్ ఫోన్ ఎత్తేదాకా ఆగకుండా 112కు చెప్పండి. ఏమీ కనిపించకపోతే ఓనర్‌కు, తర్వాత వాచ్‌మన్‌కో అసోసియేషన్ సెక్రటరీకో ఫోన్ చేయండి. ఎవరూ దొరకలేదు, ఇల్లు తాళం వేసి ఉంది, సైరన్ ఆగడం లేదు అంటే అప్పుడూ 112కే. ఇంటి నంబర్, దగ్గరి గుర్తు, ఎంతసేపటి నుంచి మోగుతోంది, ఇంట్లో ఎవరైనా ఉంటారా అన్నవి చెబితే చాలు. ‘మనుషులెవరూ కనిపించలేదు, సైరన్ మాత్రం మోగుతోంది’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అబద్ధపు అలారమని తేలితే పోలీసులు మనల్ని అంటారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. కావాలని తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం. విన్నది విన్నట్టు చెప్పడం కాదు.

ఊరికే ఎందుకు మోగుతుంది?

చాలా ఇళ్లలో ఉండే మోషన్ సెన్సర్ కదిలే వేడిని పట్టుకుంటుంది. దాని ముందు పిల్లి, ఎలుక తిరిగినా, కళ్లెదుట బల్లి పాకినా మనిషే అనుకోవచ్చు. పడమటి కిటికీలోంచి సూటిగా పడే ఎండ కూడా దాన్ని తికమక పెడుతుంది. తలుపులకు పెట్టే అయస్కాంతం సెన్సర్ అయితే, గడియ వదులై గాలికి తలుపు కదిలినా మోగుతుంది. బ్యాకప్ బ్యాటరీ పాతబడితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మొదలుపెట్టేవీ ఉంటాయి.

అందుకే మోగిన తేదీ, టైమ్, అప్పుడు కరెంటు పోయిందా, గాలివాన ఉందా అన్నది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రోజూ సాయంత్రం అయిదింటికే మోగుతోందంటే టెక్నీషియన్‌కు సగం పని అయిపోయినట్టే. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వచ్చినా ఇదే పనికొస్తుంది.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ కడిగేస్తే అలారం ఆగదు, మాటలు ఆగిపోతాయి. విడిగా చెప్పండి. ‘అన్నా, ఈ వారంలో మీ అలారం నాలుగుసార్లు మోగింది. టైమ్‌లు పంపిస్తున్నాను. సర్వీస్ వాళ్లకు ఒకసారి చూపించండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ ఇవ్వండి’ అంటే చాలు. అడగాల్సినవి రెండే: సైరన్ కొన్ని నిమిషాలకు దానంతట అదే ఆగేలా సెట్ చేయించడం, తాళంచెవి ఉన్న మనిషి ఒకరు ఇదే ఊళ్లో ఉండటం. డాలస్‌లో ఉన్న ఓనర్ ఫోన్‌కు నోటిఫికేషన్ వెళ్లినా అప్పుడక్కడ మధ్యాహ్నం, ఆఫీసు వేళ. ఎత్తినా అక్కడి నుంచి తలుపు తీయలేరు కదా.

బ్రిటన్‌లో దీనికి చట్టమే ఉంది. 2005 నాటి చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ ఒక ప్రాంతాన్ని ప్రకటిస్తే, అక్కడ అలారం ఉన్న ఇంటివాళ్లు తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందే తెలియజేయాలి. అలారం ఏకధాటిగా 20 నిమిషాలు దాటి మోగితే దాన్ని ఆపించే అధికారం కౌన్సిల్ సిబ్బందికి ఉంటుంది. మన దగ్గర అంత స్పష్టత లేదు. ఉంటే బాగుండేది.

చెప్పినా వినకపోతే?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత్రి కింద లెక్క. పరిమితికి 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. సైరన్లు సాధారణంగా ఆ గీతను సులువుగానే దాటుతాయి. చర్య తీసుకునే అధికారం కలెక్టర్, పోలీస్ కమిషనర్, డీఎస్పీ, ఆపై స్థాయి అధికారులకు ఉంటుంది కాబట్టి మామూలుగా మీ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇస్తే చాలు. మీరు రాసుకున్న టైమ్‌లు, వీడియోలు, ఓనర్‌కు పంపిన మెసేజ్‌లు జతచేయండి. నలుగురు ఇళ్లవాళ్లు కలిసి సంతకం పెడితే బలం ఎక్కువ. బీఎన్ఎస్ సెక్షన్ 292 కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు జరిమానా వెయ్యి రూపాయల లోపే, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. స్టేషన్ నుంచి ఓనర్‌కు ఒక ఫోన్ వెళ్తే మాత్రం తరచూ పని అవుతుంది.

విసిగిపోయి గోడ దూకి వైరు కోయడం, మెయిన్ ఆపేయడం మాత్రం చేయకండి. కేసు మీ మీదికి తిరుగుతుంది. పైగా ఆ తర్వాత దొంగతనం జరిగితే మొదటి ప్రశ్న మీకే.

ఇంకొకటి. మీరే ఊరెళ్తుంటే స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకు ఏపీ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో యాప్ తెచ్చారు, మీ స్టేషన్‌లో అది ఇప్పుడు ఎలా నడుస్తోందో అడగండి. పక్కింటివాళ్లు తాళంచెవి మీకే ఇచ్చి వెళ్తే అలారం కోడ్ కూడా అడిగి తీసుకోండి. రెండూ ఒకే చోట పెట్టకండి, చెవికి ఇంటి నంబర్ చీటీ కట్టకండి.