పర్లాకిమిడి పంతులుగారు

మన పాతపట్నం పొలిమేర దాటితే పర్లాకిమిడి. అక్కడి రాజావారి బడిలో 1880లో 30 రూపాయల జీతానికి చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. అప్పటికి మెట్రిక్యులేషన్ మాత్రమే. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. చదివారు. శాఖాపరీక్షలకు మనం పడ్డ పాట్లు గుర్తున్నవారికి అదెంత కష్టమో తెలుసు!

కొండల్లోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తలచి, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైనుతో వినికిడి పోయింది. మాటలు వినడమే పనిగా పెట్టుకున్నవారికి చెవుడు రావడమేమిటో! 1911లో ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. రావుసాహెబ్ బిరుదు, కైజర్-ఇ-హింద్ పతకం కూడా వారికి దక్కాయి.

ఆ 1911లోనే పదవీ విరమణ. పెద్ద పనులన్నీ అటుపైనే. వాడుక భాష కోసం ఊరూరా ఉపన్యాసాలు, 1919లో 'తెలుగు' పత్రిక, 1931లో సవర వ్యాకరణం. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యేనాటికి వారికి 75 ఏళ్లు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. సవర పల్లెలు మాత్రం సరిహద్దుకు అటూ ఇటూ ఉండిపోయాయి.