ఆసుపత్రి వైద్యుల వేతన నిర్మాణం (తెలంగాణ)

ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులకు మూలవేతనం, భత్యాలు, ప్రోత్సాహకాలు నిర్ణయించే ఏర్పాటు ఇది. తెలంగాణలో అది యాజమాన్యాన్ని బట్టి మారుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు ఏరియా, జిల్లా ఆసుపత్రులను, సామాజిక ఆరోగ్య కేంద్రాలను నడుపుతుంది. వైద్య కళాశాలల అధ్యాపకులది వేరే స్కేలు. 2022 నియామక ప్రకటనల్లో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌కు రూ.58,850–1,37,050, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రూ.68,900–2,05,500 చూపారు.

అదే ఏడాది కొత్తగా చేరేవారికి ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించారు. అలాంటి నిషేధానికి పరిహారం ఉండడం న్యాయం. కేంద్ర ప్రభుత్వ వైద్యులకు ఏడో వేతన సంఘం మేరకు మూలవేతనంపై 20 శాతం నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్సు అందుతోంది.

అసలు చిక్కు హుస్నాబాద్ లాంటి చోట తెలుస్తుంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో భాగమైన ఈ పట్టణానికి అటు కరీంనగర్, ఇటు సిద్దిపేట రెండూ దగ్గరే. రెండుచోట్లా వైద్య కళాశాలలు, ప్రైవేటు నర్సింగ్ హోములు ఉన్నాయి కాబట్టి వైద్యుడికి చిన్న పట్టణంలోనే ఉండిపోవడానికి కారణం కావాలి. పని భారం మాత్రం ఇక్కడే ఎక్కువ. చిన్న ఆసుపత్రిలో మత్తువైద్యుడు ఒక్కడే ఉంటే రాత్రి పిలుపులన్నీ అతనికే. పెద్దాసుపత్రిలో ఆ భారాన్ని పలువురు పంచుకుంటారు. స్కేలు ఒకటే అయినంత మాత్రాన వేతనం సమానం కాదు. రాత్రి డ్యూటీ, ఆన్‌కాల్, మారుమూల సేవలకు విడిగా లెక్క కట్టాలి.

ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఆరోగ్యశ్రీ కింద చేసే చికిత్సల ఆదాయంలో కొంత వైద్య బృందానికి ప్రోత్సాహకంగా పంచే పద్ధతి కూడా ఉంది. శస్త్రచికిత్సలు చేసే విభాగాలకు అది కలిసివస్తుంది. జ్వరాల వార్డు చూసే వైద్యుడికి, పిల్లల వైద్యుడికి అంతగా దక్కదు. అందుకే కేసుల సంఖ్య ఒక్కటే కొలమానం కాకూడదు.